కదలని గుర్రాలు

మా మావయ్యగారు పోయారు. ఏలూరుకి డయాలసిస్‌కి బయలుదేరాల్సిన రోజే, పొద్దున్న, సగం ఇడ్లీ తిని మంచం మీద ఒరిగిపోయారు. తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్ళకి ఆయన కొల్లేరు దగ్గర చేపల చెరువులు చేసిన మనిషిగానే తెలుసు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆ చెరువుల సంగతే చెప్పుకుని వెళ్ళారు. ఆయన రోమన్ సైన్యాలు నడిపేవారని చెబితే నాకు మతి పోయిందనుకుంటారని ఊరుకున్నాను. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

రెండేళ్ళ కిందట ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ముదినేపల్లి వైపు చెరువులు వదిలేసి మా దగ్గరికి వచ్చేశారు. వారానికి మూడు రోజులు ఏలూరు ఆస్పత్రి. మా ఆయనకి సెలవు దొరకదు, నేను ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునేదాన్ని కాబట్టి తోడు నేనే. అక్కడ నాలుగు గంటలు ఎడమ చెయ్యి కదపకుండా పడుకోవాలి. ఆ గంటలు ఎలాగో గడవాలని, కాలేజీ రోజుల నుంచి నేను ఆడే రోమన్ల యుద్ధాల వీడియో గేమ్ ఒకటి లాప్‌టాప్‌లో తెరిచాను. ఆయన పక్క నుంచి రెండు రోజులు చూశారు. మూడో రోజు, "ఆ మౌసు ఇలా ఇయ్యమ్మా" అన్నారు.

ఆయనకంటూ ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చాను. మౌసు ముట్టుకునే ముందు తువ్వాలుతో తుడిచేవారు. సైన్యాధిపతిని మేనేజరు అనేవారు. సైనికుల్ని రంగంలోకి దింపడాన్ని, చెరువులో చేపపిల్లల్ని వదిలినట్టు, పిల్ల వదలడం అనేవారు. ఆయనకి కంప్యూటర్ నేర్పానన్న నా గర్వం నెల తిరక్కుండానే పోయింది, ఎందుకంటే ఆయన మీద ఒక్క యుద్ధం కూడా గెలవలేకపోయాను.

నాకు కవచాలు తొడుక్కున్న కత్తివీరులంటే మోజు. సైన్యం నిండా వాళ్ళనే పెట్టేదాన్ని. ఆయన విలుకాళ్ళు దూరం నుంచి కొట్టేవాళ్ళు, గుర్రాలు వెనక నుంచి వచ్చి తొక్కేసేవి, నావాళ్ళు పరిగెత్తలేక నిలబడి చచ్చేవాళ్ళు. ఆయన తల పట్టుకునేవారు.

"మొదటేడు నేనూ ఇదే చేశానమ్మా. శీలావతి చేపకి గిరాకీ ఉందని చెరువంతా శీలావతే వేశాను. అది మధ్య నీళ్ళలో తింటుంది. పైమేత పైనే ఉండిపోయింది, అడుగుమేత అడుగునే కుళ్ళిపోయింది. ఓ రోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే చేపలన్నీ తెల్లగా తేలి ఉన్నాయి. పైన తినడానికి బొచ్చె ఉండాలి, అడుగున మోసు ఉండాలి. నీ సైన్యానికి పైనా లేదు, అడుగూ లేదు."

ఆయన అమరిక ఎప్పుడూ ఒకటే. ముందు బరిసెలు విసిరే కుర్రాళ్ళు, తర్వాత రెండు వరుసల కత్తివాళ్ళు, వాళ్ళ వెనక ఈటెలు పట్టుకుని ఒంటి మోకాలి మీద కూర్చునే ముసలి సైనికులు. వెనగ్గా కాసిని విలుకాళ్ళు, రెండు పక్కలా గుర్రాలు. "అవతలివాడి గుర్రాలు ఎక్కడున్నాయో చూడకుండా ముసలాళ్ళని లేపకు. వాళ్ళు లేస్తే నీ వీపు ఖాళీ" అని వందసార్లు చెప్పి ఉంటారు.

ఆయన పోవడానికి రెండు నెలల ముందు, ఓ ఆదివారం, భోజనాల దగ్గర, "ఇంక నేను ఏలూరు రానమ్మా. చాలు" అన్నారు. మానేస్తే ఎన్నాళ్ళుంటారో డాక్టరు మాకు చెప్పే ఉన్నాడు, వారం, మహా అయితే రెండు. మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చాను. ఆయన మెత్తగా నవ్వి మజ్జిగలో వేలు ముంచి నాలుకకి రాసుకున్నారు. కిడ్నీల మూలాన నీళ్ళు కొలిచి తాగే మనిషికి అదే భోజనం ముగించడం.  ఏం చెయ్యాలో తోచక అనేశాను.

"ఒక్క ఆట ఆడదామండీ మావయ్యగారూ. నేను గెలిస్తే మీరు ఏలూరు రావాలి. ఓడితే ఇంకెప్పుడూ అడగను."

"మాట తప్పకూడదు మరి" అన్నారు.

రెండు లాప్‌టాప్‌లు ఎదురెదురుగా పెట్టుకున్నాం. ఆయన నేర్పినట్టే సైన్యం పేర్చాను, ఏదీ ఎక్కువ కాకుండా, ఏదీ తక్కువ కాకుండా. గంట గడిచింది. నా కత్తివాళ్ళు పలచబడిపోతున్నారు. ఆయన గుర్రాలు మాత్రం ఎక్కడా కనబడవు. ఇక ఆగలేక ముసలాళ్ళని లేపాను. లేచి, ఈటెలు దించుకుని వెళ్ళారు. ఆయన వరుస మధ్యకి విరిగింది. గెలిచాను!

"మీ గుర్రాలేవండీ?"

"తేవడం మర్చిపోయానమ్మా" అన్నారు మౌసు పక్కన పెట్టి. "సైన్యం బాగా కుదిరింది. రేపు రైలు ఎన్నింటికి?"

పిచ్చిదానిలా వీధంతా చెప్పుకున్నాను, మావయ్యగారు వస్తానన్నారని.

ఆ రెండు నెలలూ నరం దొరక్క నర్సులు సూది మూడుసార్లు, నాలుగుసార్లు గుచ్చేవాళ్ళు. ఆయన తువ్వాలు కొరుకుతూ పైకి చూసేవారు. నేను చెమట తుడుస్తూ, గెలిచాను కదా అనుకునేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా ఇంటికి పోదామని అనలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన లాప్‌టాప్ తెరిచాను. ఆడిన ప్రతి యుద్ధాన్నీ ఆ గేమ్ దాచి ఉంచుతుంది, మళ్ళీ చూసుకోవచ్చు, ఈసారి చాటున దాగినవాళ్ళతో సహా రెండు సైన్యాలూ కనబడతాయి. ఆ ఆదివారం యుద్ధం పెట్టుకుని కూర్చున్నాను.

గుర్రాలు ఉన్నాయి. నా సైన్యం వెనక, చెట్ల చాటున, ఆయన వాటిని మొదట్లోనే చుట్టు తిప్పి తెచ్చి నిలబెట్టారు. ముసలాళ్ళు లేచి ముందుకెళ్ళారు. నా వీపు ఖాళీ అయింది. ఒక్క క్లిక్ చాలు. నాకు అరవాలనిపించింది, నొక్కండి మావయ్యగారూ, నొక్కేసి హాయిగా ఇంట్లో పడుకోండి అని. ఎదర దుమ్ము లేచి ఆయన మనుషులు కూలిపోతున్నారు. చెట్ల కింద గుర్రాలు తోకలు ఊపుకుంటూ, నా వీపు వైపే చూస్తూ, ఆట అయిపోయేదాకా అలాగే నిలబడి ఉన్నాయి.