ఏడవని టైరు, మా బాబాయి బొటనవేలు

"బాబాయి గారు ప్రభువునందు నిద్రించారండీ" అని గత నెలలో ఒక ఉదయం ఏలూరు నుంచి మా చర్చి సంఘ పెద్ద ఫోను చేశారు. పోయారనడానికి మా చర్చిలో అనే మాట అది. నేను తాడేపల్లిగూడెంలో టీచర్ని, బడికి బయలుదేరుతున్నాను. చేతిలో టిఫిను డబ్బా అలాగే ఉండిపోయింది. పగటిపూట కునుకు తీసేవాళ్ళను చూస్తేనే ఆయనకు ఎంత చిరాకో తెలిసినదాన్ని కాబట్టి, ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

మా బాబాయి ఏలూరులో టైర్ల షాపు నడిపారు. పని నేర్చుకున్నది మాత్రం గూడెం ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర, లారీల కింద. ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకొచ్చినా పంక్చర్లు అతికే రబ్బరు సొల్యూషను వాసన ఆయన వెంటే వచ్చేది. పిన్ని సబ్బులు మార్చి మార్చి విసిగిపోయింది. ఎవరొచ్చినా "వందనాలండీ" అంటూనే మొహం కన్నా ముందు బండి టైరు చూసేవారు. నా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అబ్బాయి నిదానస్తుడేనమ్మా, నాలుగూ సమంగా అరిగాయి" అని తేల్చేశారు. ఆ మాట నిజమే అయింది.

ఆయనకు ఒక గర్వం ఉండేది. గోడకు గాలి కొలిచే గేజీ వేలాడుతున్నా ముట్టుకునేవారు కాదు. బొటనవేలితో టైరు పక్కన నొక్కి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చెవి ఒగ్గి వినేవారు. "గేజీ ముల్లు ఇరుక్కుపోవచ్చండీ, నా వేలు ఇరుక్కోదు" అనేవారు. ముప్ఫై ఏళ్ళు ఆ వేలు తప్పలేదు. తప్పిన ఒక్కసారి నేను అక్కడే ఉన్నాను. ఇదంతా రాస్తున్నది ఆ ఒక్కసారి కోసమే.

ఐదారేళ్ళ కిందటి దసరా సెలవులు. సన్నగా జల్లు పడుతోంది. నేను బాబాయికి కేరేజీ తీసుకుని షాపుకు వెళ్ళేసరికి ఒక ఎర్ర కారు వచ్చి షాపు షెడ్డులో ఆగింది. రెండే సీట్లు, మడతపడే గుడ్డ టాపు, నేలకు అంటుకుపోయినంత పొట్టి. ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్న ఒకాయనది. భార్యతో హైదరాబాదు నుంచి కొల్లేరు దారిన ఊరికి వెళ్తున్నారు.

"మీటరు మీద ఏదో లైటు వెలుగుతోందండీ. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు, గాలి పోయినా నడుస్తాయట. అందుకే స్టెప్నీ టైరు కూడా ఇవ్వలేదు" అన్నారాయన.

స్టెప్నీ లేని కారేమిటని బాబాయి డిక్కీ తెరిపించుకుని మరీ చూశారు. నిజంగానే లేదు. నాలుగు టైర్లూ నొక్కారు, కొట్టారు, విన్నారు. "నిక్షేపంగా ఉన్నాయండీ. ఆ లైటుకే ఏదో జబ్బు. వెళ్ళిరండి" అన్నారు. కారు వెళ్ళిపోయింది.

నేను కేరేజీ విప్పుతున్నాను. చెయ్యి కడుక్కోవడానికి లేచిన బాబాయి ఆగిపోయారు. కారు తడి రోడ్డు మీంచి లోపలికి వచ్చింది కదా, పొడి సిమెంటు నేల మీద చక్రాల ముద్రలు పడ్డాయి. ఎడమ ముందు చక్రం ముద్రలో రెండు అంచులే ఉన్నాయి, మధ్య గీతలు లేవు. గాలి నిండిన టైరు నేలను మొత్తంగా తాకుతుంది. గాలి లేనిది అంచుల మీద కూర్చుంటుంది.

"ఆ టైరు పక్కగోడే రాయిలా మందం అమ్మాయ్. నేను నొక్కింది గాలిని కాదు, గోడని" అన్నారు.

పక్క టీకొట్టు ఆయన తేలిగ్గా తీసేశారు. "పోనిద్దురూ, గాలి లేకపోయినా నడిచే టైరేగా. అయినా ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలిసిందిగా అండీ" అన్నారు బాబాయి.

కారాయన ఫోను నంబరు మా దగ్గర లేదు. బాబాయి గోడ మీది గేజీ తీసి జేబులో వేసుకుని, నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని, కాలిపంపు నా ఒళ్ళో పెట్టి, కొల్లేరు మీంచి పోయే కైకలూరు రోడ్డెక్కారు.

"మోపెడ్ వేసుకుని స్పోర్ట్స్ కారును పట్టుకుంటామా బాబాయ్?" అన్నాను, గతుకులకు నడుము పట్టుకుని.

"గాలి లేకుండా ఏ రబ్బరైనా కొంత దూరమేనమ్మా. ఆ తర్వాత అటూ ఇటూ నీళ్ళు, పక్కన ఆడమనిషి. వెళ్ళిరండి అన్నది నేనేగా" అన్నారు.

మా పరువు కాపాడినవి బాతులు. ఒక లంక ఊరి దగ్గర బాతుల మంద తీరిగ్గా రోడ్డు దాటుతోంది. అంత కారూ వాటి ముందు బుద్ధిగా ఆగి ఉంది. బాబాయి వంగి గేజీ పెట్టారు. ముల్లు కదల్లేదు.

"ఇందాకేగా నిక్షేపంగా ఉన్నాయన్నారు!" అని కారాయన దిగి అరిచారు.

"అన్నానండీ. తప్పు నాదండీ."

బాతులవాడు వింటున్నాడు, కారులో ఆవిడ వింటున్నారు, నేనూ వింటున్నాను. ముప్ఫై ఏళ్ళ పేరున్న మనిషి ఒక్క సాకు కలపకుండా నడిరోడ్డు మీద ఆ మాట అన్నారు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఇప్పుడు తలుచుకుంటే గర్వంగా ఉంది.

గాలి కొట్టి, కారును వెనక్కి తిప్పించి మెల్లగా షాపుకు తీసుకొచ్చారు. టైరు విప్పితే లోపలి నుంచి నల్లటి రబ్బరు పొడి రాలింది; గాలి లేకుండా నడిచినంతసేపూ లోపలే నలిగిపోయిందన్నమాట. కారాయనకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ నాలుగూ పీకేసి మామూలు టైర్లు వేసెయ్యండి!"

"మామూలువి మెత్తగా ఉంటాయండీ, మన గతుకులకు హాయే. కానీ మీకు స్టెప్నీ పెట్టుకునే చోటు లేదు. అవే అయితే ఇవాళ ఆవిడ గారితో ఆ నీళ్ళ మధ్య కూర్చునేవారు. మీకు ఇవే ఉండాలండీ. మామూలు టైరు గాలి పోతే ఏడ్చి గోల చేస్తుంది. ఇది ఏడవదు. ఏడవనివాళ్ళని మనమే అడుగుతూ ఉండాలండీ" అన్నారు బాబాయి. అదే రకం కొత్త టైరుకు మద్రాసు కబురు పెట్టి, దంపతులిద్దరినీ తనే బస్సెక్కించి వచ్చారు.

మర్నాటి నుంచి షెడ్డు గుమ్మంలో ఒక బకెట్టు, మగ్గు వెలిశాయి. ఏ బండి వచ్చినా నేల మీద మగ్గుడు నీళ్ళు పోసి, దాని మీంచి నడిపించి, ముద్ర చూసి, ఆపైన గేజీ పెట్టేవారు. ఎందుకని అడిగినవాళ్ళకల్లా తన తప్పు కథ తనే చెప్పేవారు, బాతులతో సహా.

పోయేముందు ఆస్పత్రిలో కుర్ర డాక్టరు చెయ్యి పట్టి చూసి "బాగానే ఉన్నారు" అంటే, "వేలితో చెప్పకండి బాబూ, మిషను పెట్టి చూడండి" అన్నారట. మిషను పెట్టాక డాక్టరు మొహం మారిపోయిందట. ఎన్నాళ్ళ నుంచో గుండెల్లో నొప్పి ఉందని మాలో ఎవరికీ చెప్పలేదు. ఏడవనివాళ్ళని అడగమని వచ్చినవాళ్ళందరికీ చెప్పిన మనిషిని మేమెవ్వరం అడగలేదు. ఆయన నేర్పినట్టే ఒప్పుకుంటున్నాను, ఆ తప్పు మాది.

అంత్యక్రియల రోజు ప్రార్థన అయ్యాక ఆయన శవపెట్టె ఉన్న వ్యానును పిన్ని కోరిక మీద షాపు షెడ్డులోకి తెచ్చారు. కదలబోతుండగా టీకొట్టు ఆయన పరుగున వచ్చి, బకెట్టులో మగ్గు ముంచి చక్రాల ముందు నీళ్ళు పోశారు. వ్యాను తడి మీంచి పొడి నేల మీదకి జరిగి ఆగింది. ఎవరూ చెప్పకుండానే అందరం వంగి చూశాం. "ఎవరికి తెలుస్తుందండీ" అన్న ఆ పెద్దమనిషే గీతల మీద వేలు పెట్టి, "నిండుగా ఉన్నాయండీ" అన్నారు.

"గేజీ కూడా పెట్టండీ. లేకపోతే ఆయన ఒప్పుకోరు" అంది పిన్ని.

టీకొట్టు ఆయన గోడ మీది గేజీ తీసి నాలుగు చక్రాలకూ పెట్టి, పిన్ని వైపు చూసి తలూపారు. వ్యాను రోడ్డెక్కి మలుపు తిరిగింది. నేల మీద ముద్రల అంచులు ముందుగా ఆరిపోయాయి. మధ్య గీతలు మాత్రం చాలాసేపు ఉన్నాయి.