తాత గొడుగు పితూరీ

మా చిన్నప్పుడు ఖాళీ కడుపుతో పితూరీ చెప్పనిచ్చేవారు కాదు...

మాది నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరి దగ్గర పల్లె. పిల్లల తగవులన్నీ మా జేజి, అంటే నాయనమ్మ, దగ్గరికే వచ్చేవి. ఎవడి మీద చెప్పాలో వాణ్ని పక్కన పెట్టుకునే చెప్పాలి. వాడు లేనప్పుడు చెబితే అది చాడీ... దానికి చెవి మెలేసేది.

నిఘంటువు తిరగేస్తే పితూరీకి తిరుగుబాటు, కుట్ర అని పెద్ద పెద్ద అర్థాలున్నాయి. మా పెదనాయన కొడుకు రమణయ్యన్నను తలుచుకుంటే అవీ నిజమే అనిపిస్తుంది.

ఆ రోజు కోటలో డేరా సినిమాకు బండి కడుతున్నారు. పొద్దున నేను తాత గొడుగు తిరగేసి, కాలువ తూము దగ్గర పెట్టి రొయ్యలు పట్టాను. జేజి ఇగురు వండింది. కానీ గొడుగు ఊచ ఒకటి విరిగింది... పితూరీ నిలబడితే నాకు బండిలో చోటు లేదు.

"జేజీ, వీడు తాత గొడుగు..." అని అందుకున్నాడు అన్న.

"ముందు కూర్చోండిరా ఇద్దురూ. ఆకలి మీద చెప్పే మాటకు కారమెక్కువ."

ఒకే పళ్లెం. వాడికో ముద్ద, నాకో ముద్ద. అన్న నోరు తెరిచినప్పుడల్లా జేజి ముద్ద పెట్టేది. నా చెవులు మాత్రం బయట ఎద్దుల మెడలో గంటల మీదే!

"ఇగురు ఎట్లుండాదిరా రమణయ్యా?"

"బో ఉండాది జేజీ! ఇంకో ముద్ద పెట్టు."

"గొడుగులో పడినయ్యేరా అయ్యి. వాడికన్నా నువ్వే ఎక్కువ మింగినావు. ఇప్పుడు చెప్పు, ఏందో పితూరీ అన్నావే?"

అన్న నన్ను చూశాడు. గుటక వేశాడు. "ఏం లేదు జేజీ... ఊరకనే."

"అయితే పొండి, బండి కదలతా ఉండాది. తాతకు నేను చెప్పుకుంటాలే."

మూతులు కడుక్కోకుండానే పరుగెత్తాం. డేరాలో ఇసుక మీద కూర్చుంటే, ఇంటర్వెల్ కాకముందే నా భుజం మీద నిద్రపోయాడు అన్న. మర్నాడు ఊరంతా తిరిగి కథ చెప్పింది మాత్రం వాడే!

మొన్న నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ దగ్గర నా మీద ఎవరో ఫిర్యాదు చేశారు. నా రేడియో గట్టిగా మోగుతోందట. ఎవరయ్యా అంటే, చెప్పకూడదట! లిఫ్టులో మాత్రం అందరూ నవ్వుతూ నమస్కారం పెడుతున్నారు...

ఇన్ని పుస్తకాలు చదివాను గానీ, పేరు లేనివాడి పక్కన ఎలా కూర్చోవాలో ఎందులోనూ దొరకలేదు.

మీ ఇంట్లో పితూరీలు ఎవరు వినేవారు? మీ మీద ఎక్కువగా చెప్పిందెవరు?

పేరు పెట్టి మరీ రాయండి...