సముద్రం చూసిన పంతులు

గురజాల తాలూకాలో ఒక పల్లె. అక్కడి మిషను బడి పంతులు రాజారత్నం సముద్రం చూసినవాడు. ఈ ముక్క ముందే చెప్పెయ్యాలి. ఎందుకంటే ఆయన కూడా ఎవరు కనబడినా ముందు అదే చెప్పేవాడు.

తాగే నీళ్ళ కోసం ఆడవాళ్ళు మైలున్నర నడిచే ఊళ్ళో, అంతులేనన్ని నీళ్ళు కళ్ళారా చూసినవాడంటే మాటలా? బావి ఎక్కడ తవ్వాలన్నా ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయన చూపించిన చోట మూడుసార్లు తవ్వారు, మూడుసార్లూ బండే తగిలింది. నాలుగోసారీ ఆయన్నే అడిగారు. క్రైస్తవ సంఘ పెద్దల కూటంలో ఎవడైనా ఎదురు చెబితే పంతులు కండువా సర్దుకుని, "సముద్రం చూసినవాణ్ని చెబుతున్నా" అనేవాడు. ఎద్దుల తగాదా అయినా, పెళ్ళి సంబంధమైనా, ఆ మాటతో కూటం ముగిసేది.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, ఆయన సముద్రం చూడలేదు.

బాపట్లలో రెండేళ్ళు ట్రెయినింగ్ చదివిన మాట నిజమే. సముద్రం అక్కడికి ఆరు మైళ్ళు. శనివారం వస్తే తోటివాళ్ళందరూ గుంపుగా నడిచిపోయి చూసి వచ్చేవాళ్ళు. రాజారత్నం మాత్రం, "అదెక్కడికి పోతుందిలే, వచ్చే వారం చూద్దాం" అని పగటి నిద్రకు పడేవాడు. పల్నాడులో పుట్టినవాడికి నీళ్ళు ఉండగానే చూసుకోవాలన్న జ్ఞానం ఉండాలి. ఆయనకు లేకపోయింది. అలా నూరు శనివారాలు నిద్రపోయి, సర్టిఫికెట్టు పుచ్చుకుని 1924లో ఊరికొచ్చాడు.

ట్రంకుపెట్టె ఇంకా దించనేలేదు, తల్లి ఎదురొచ్చి, "నాయనా, సముద్రం చూశావటరా?" అంది. ఆమె మొహంలో ఆ సంబరం చూశాక లేదనడానికి నోరు రాలేదు. "చూశానమ్మా" అన్నాడు. ఆమె వెంటనే వాడకట్టంతా పిలిచేసింది. "ఎట్టుంటదిరా?" అన్నారు వాళ్ళు. ఏదో ఒకటి చెప్పాలి గదా. "నీలిమందు కలిపినట్టు ఉంటది. అలలు తాడిచెట్టంత లేస్తయి. కానీ ఒడ్డున గీత గీసినట్టు ఆగిపోతయి, మనిషి కాలు తాకవు" అన్నాడు. ఇరవై రెండేళ్ళపాటు బడి గోడ మీద అదే సముద్రాన్ని నీలం సుద్దముక్కతో గీశాడు. అఖాతాలు, అగ్రాలు గోడ మీద ఆయన చెప్పిన చోటే నిలబడ్డాయి.

పెళ్ళి కూడా ఆ సముద్రం పుణ్యమే. సత్తెనపల్లి దానియేలుకు కూతురి కోసం రెండు సంబంధాలు వచ్చాయి. ఒకడు ఆసుపత్రిలో కాంపౌండరు. రెండోవాడు రాజారత్నం. "కాంపౌండర్లు ఊరికొకడు ఉంటారు, సముద్రం చూసినవాడు ఎక్కడ దొరుకుతాడు?" అని దానియేలు తన దయామణిని ఈయనకిచ్చాడు. పెళ్ళినాడు పంతులు ఆమెకు మాటిచ్చాడు, వచ్చే వేసవిలో సముద్రం చూపిస్తానని. అలాంటి వేసవులు ఇరవై గడిచాయి.

1946 మే నెలలో బాపట్లలో సంఘాల మహాసభ పెట్టారు. ఊరి తరఫున పంతులు వెళ్ళాలి. దయామణి చీరలు మూటగట్టింది. సంఘ పెద్ద ఇశ్రాయేలు కూడా బయల్దేరాడు. పంతులు కాలు బెణికిందన్నాడు. "కాలే గదా, బండ్లో కూర్చో. కళ్ళు బాగానే ఉన్నయిగా" అంది దయామణి. పంతులికి తప్పించుకునే దారి దొరకలేదు. మూడు రైళ్ళు మారేటంతసేపూ ఆయనకు ఒకటే భయం. ఇరవై రెండేళ్ళ మర్యాద ఒక్క పూటలో పోతుంది.

సభ ముగిసిన మర్నాడు పొద్దున్నే బండి కట్టించారు. తాటితోపులు, ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లు దాటుతూ పోయారు. కొంత దూరం పోయేసరికి హోరుమని మోత మొదలైంది.

"ఏందన్నా ఆ మోత?" అన్నాడు ఇశ్రాయేలు.

"గూడ్సు రైలు" అన్నాడు పంతులు, ఏమాత్రం తడుముకోకుండా.

బండి తోలే మనిషి వెనక్కి తిరిగి చూశాడు. "రైలేందయ్యా! సముద్రం." పంతులు గోడ మీద గీసిన సముద్రానికి ఎన్నడూ మోత లేదు. దయామణి ఆయన మొహంకేసి ఒక్కసారి చూసి, తల తిప్పుకుని ఎడ్లను చూడసాగింది.

దిబ్బ దిగారు. నీళ్ళు నీలంగా లేవు, మజ్జిగలో మట్టి కలిపినట్టున్నాయి. అవతలి గట్టు లేదు. ఇశ్రాయేలు చెయ్యి అడ్డం పెట్టుకుని, "కట్ట ఏ పక్కనుందన్నా?" అన్నాడు. పంతులికి చూపించడానికి ఏ పక్కా కనబడలేదు. అయినా పెద్దరికం వదలకుండా చెప్పులు విడిచి, నీళ్ళకు రెండడుగుల ఇవతల పెట్టి, వాటి పక్కనే పులిహోర సద్దిమూట దించాడు. చెరువు దగ్గర మనవాళ్ళు చేసే పనే అది. చెరువులో నీళ్ళు ఉంటే ఉన్నచోట ఉంటాయి, లేకపోతే లేవు. ముందుకు నడిచొచ్చే నీళ్ళు పల్నాడులో ఎవరు చూశారు?

"అక్కడొద్దయ్యా, పోటు వస్తంది" అని చేపలవాడొకడు దూరం నుంచి అరిచాడు. "మాకు తెలుసులే" అని పంతులు చెయ్యూపాడు. మరుక్షణం అల ఒకటి గీతాగీతా లేకుండా వచ్చి, ఆయన్ను మోకాళ్ళదాకా తడిపి, చెప్పులూ పులిహోరా పట్టుకుపోయింది. పంతులు ఒళ్ళు జల్లుమంది. ఇంత గొప్పదాన్ని నూరు శనివారాలు కాదనుకుని నిద్రపోయానే అని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాడు. దయామణి మాత్రం చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చిన్నపిల్లలాగా నవ్వుతూ అలకు ఎదురుపోయింది.

ఆదివారానికి ఊరు చేరారు. ఆరాధనలో సాక్ష్యం చెప్పుకునే సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలో, తాము చేసిన తప్పో నిలబడి పదిమందిలో చెప్పుకోవడం ఆ సంఘంలో ఆనవాయితీ. పంతులు ఉత్తకాళ్ళతో లేచాడు.

"నేను ఇరవై రెండేళ్ళు అబద్ధమాడాను. మొన్నటిదాకా సముద్రం చూళ్ళేదు. నేను చెప్పినవన్నీ కల్పించి చెప్పినవే. నన్ను క్షమించండి."

అప్పుడు ఇశ్రాయేలు లేచాడు.

"విన్నారా మా పంతులుగారి తగ్గింపు బుద్ధి! చూసినవాడు చూళ్ళేదంటన్నాడు. నేను పక్కనే ఉన్నా గదా. అలలు తాడిచెట్టంత లేచినయి. మమ్మల్నెవర్నీ తాకలా. నేరుగా పంతులుగారి దగ్గరికొచ్చి, కాళ్ళు కడిగి, చెప్పులు గుర్తుగా పట్టుకుపోయినయి. పాత పరిచయం గాకపోతే అట్టా చేస్తదా? సముద్రం చూసినవాణ్ని చెబుతున్నా!"

జనం స్తోత్రం అన్నారు. పాస్టరు కళ్ళు తుడుచుకుని, ఇంతటి వినయం కలవాణ్ని తమకిచ్చినందుకు పెద్ద ప్రార్థన చేశాడు. ఆరాధన ముగిశాక, కొత్త బావికి చోటు చూపించాలని నలుగురు పంతుల్ని చుట్టుముట్టారు. నాకేమీ తెలియదని ఆయన మొత్తుకున్నకొద్దీ వాళ్ళకు నమ్మకం పెరిగింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"చూశావటే దయామణీ? నిజం చెబితే ఒక్కడు నమ్మలా."

"నేను నమ్మాగా" అంది ఆమె పప్పు వడ్డిస్తూ. "బండ్లో రైలన్నప్పుడే నమ్మా."

పంతులు తలెత్తాడు. "మరి అప్పుడే అడగలేదేమే?"

"అడిగితే చూశానంటావు గదయ్యా" అంది దయామణి. అని, మంచినీళ్ళ చెంబు ఆయన ముందు పెట్టింది.