అమ్మ వేళ్ల సంధులు

తెలుగు పండిత శిక్షణకు పెనుకొండలో చేరిన ఏడు నా తల నిండా సంధులే. ఏ పదం ఎక్కడ కలిసింది, కలిసినచోట ఏం పోయింది అని బస్సులో కూడా వల్లెవేసేవాణ్ణి. అప్పుడే అమ్మ వేళ్లు వాచాయి. హిందూపురం డాక్టరు నొక్కి చూసి, "సంధులు దెబ్బతిన్నాయమ్మా" అన్నాడు.

అమ్మ గాబరా పడింది. "సంధా? అది జరమొచ్చినోళ్లకు కదా సార్ కమ్మేది! నాకు మతి బాగానే ఉండాదే!"

"కీళ్లమ్మా, కీళ్లు" అని ఆయన నవ్వి, పూతమందు రాసిచ్చాడు. ముగ్గురికీ ఒకటే మాట, ఎవరి అర్థం వాళ్లది. నాకది సరదాగా అనిపించింది. నా సరదా తగలెయ్య!

అమ్మది అతుకుల పని. ధర్మవరంలో మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువుపోగుల వరస, అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగును పోగు పోగునా కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు పట్టుపోగుల్ని జతచేసి నులమాలి, అంతే. ముడి ఉండదు. చేతికి జిడ్డు తగిలిందా, అతుకు జారుతుంది. పని ఉన్న రోజు అమ్మ తలకు నూనె కూడా నాయనే పెట్టేవాడు.

ఒక పొద్దున ఆమె వేళ్లు వంగలేదు. తట్టుకోలేక మందు పూసుకుంది. తర్వాత సీకాయపొడితో తోమి తోమి కడిగి, జిడ్డు పోయిందనుకుని పనికి వెళ్లింది. సాయంత్రం మా వీధి నేతగాడు పడుగును ముందుకు లాగగానే అతుకులు వరసగా ఊడిపోయాయి.

అతను తిట్టలేదు. "నువ్వు కొన్నాళ్లు ఇంటికాడే ఉండక్కా" అన్నాడు. మర్నాడు వేరే ఆమెను పిలిపించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మందు పూస్తే అతుకు నిలవదు, పూయకుంటే వేలు వంగదు. యాడికి పోయి సచ్చేదబ్బా నేను?" అని అమ్మ నన్నే అడిగింది. నేను నేర్చిన సూత్రాలన్నీ గంగలో కలవనీ, ఒక్కటీ పనికిరాలేదు.

ఊళ్లో తెలిసిపోయింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు.

"ఇప్పుడు పనేం లేదు గదా, మందు పూసుకోవే" అని నాయన రోజూ పోరేవాడు.

"ఎవరన్నా వచ్చి పిలిస్తే?" అనేది.

పొద్దున్నే చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని గడప దగ్గర కూచునేది. నొప్పికి మూలుగుతూ వీధివైపే చూసేది. ప్రాణం పోయేదాకా మళ్లీ మందు ముట్టలేదు.