ముత్తైదువ అనుకొని

మా చిన్నమ్మ పోయిందని కార్డు వచ్చింది. పట్నంలో ఆమె అద్దెకున్న ఇంటావిడ రాసిన కార్డు. ప్రాణం పోయిన రెండో రోజుకు గాని పక్క గదివాళ్ళకు తెలియలేదట. ఇక్కడ ఆర్మూరులో చూడండి, పోస్టు తెచ్చే ఆయన ఆ కార్డును బస్టాండు దగ్గర చదువుకొని, చాయ్ హోటల్లో చదివి వినిపించి, పసుపు కొనే అడ్తీ దుకాణాల మీదుగా మా ఇంటికి తెచ్చేసరికి సగం ఊరు మా వాకిట్లో ఉంది. నేను బడి నుంచి అప్పుడే వస్తున్నాను. ఒకామె ఎదురొచ్చి నా మెడ పట్టుకొని ఏడ్చింది. ఎవరు పోయారో అప్పటికి నాకింకా తెలియదు.

పట్నం మేలా, మన ఊరు మేలా అని బడిలో పిల్లలచేత వ్యాసం రాయిస్తుంటాను. పట్నంలో కరెంటు దీపాలు, ఊళ్ళో మంచి గాలి అని రాస్తారు. మార్కులు వేస్తాను. నాకు తెలిసిన జవాబు మాత్రం వేరు. అది చిన్నమ్మ బతికుండగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. అడ్తీల్లో పసుపు ఏరే పని చేసేది. ఉడికించి ఎండబెట్టిన కొమ్మును చెవి దగ్గర పెట్టుకొని విరిచి, "ఇంక రెండెండలు పడాలె," అనేదంటే అడ్తీ సేటు కూడా మారు మాట్లాడేవాడు కాదు. ఏడాది పొడుగునా ఆమె చేతులు పచ్చగా ఉండేవి. బూడిద పెట్టి తోమినా పోయేది కాదు ఆ రంగు. నాకు జ్వరమొస్తే ఆ చేతులే నుదుటి మీద ఉండేవి. ఆమె కొట్టిన జొన్నరొట్టెకు కూడా కాస్త పసుపు వాసన ఉండేది.

నయా పైసలు రాకముందే చిన్నాయన పని వెతుక్కుంటూ బొంబాయి పోయాడు. మొదట ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. ఊరు ఆరేడేళ్ళు ఓపిక పట్టింది. ఓపిక అంటే, ప్రతి పెళ్ళిలో ఆమె బొట్టు వంక చూసి గుసగుసలు పోవడం. మా మేనమామ కూతురికి నందిపేటలో సంబంధం కుదిరినప్పుడు మగపెళ్ళివారు అడిగారు: "మీ చెల్లె ముత్తైదువనా, కాదా? ఏదో ఒకటి తేల్చున్రి." మామ తేల్చేశాడు. గడ్డితో బొమ్మ చేసి, చిన్నాయన పేరు పెట్టి కాల్చారు. చిన్నమ్మ గాజులు పగలగొట్టారు. ఆమె ఏడవలేదు.

"బతికున్నోనికి కొరివి పెట్టిన్రు. రేపు ఆయనొస్తే ఏం జెప్తవన్నా?" అని అడిగింది.

"అచ్చినప్పుడు చూద్దాం తియ్యి," అన్నాడు మామ.

మర్నాటి నుంచి ఆమె ఎదురుపడితే ఆడవాళ్ళు పక్కకు తొలగేవారు. ఊరి పసుపంతా ఆమె చేతుల మీదుగా పోవాలి. అదే పసుపు పెళ్ళిరోట్లో పడితే ఆమె నీడ సోకొద్దు. ఊరు ఊరంతా పోచంపాడు డ్యాం పని చూడటానికి బండ్లు కట్టుకొని పోయిన రోజుల్లో చిన్నమ్మ ట్రంకు పెట్టె పట్టుకొని పట్నం బస్సెక్కింది.

రెండేళ్ళకు నేను టీచర్ ట్రైనింగుకని పోయి ఆమె గదిలోనే దిగాను. తలుపు తీసిన మనిషిని గుర్తుపట్టలేదు. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు.

"గట్ల జూస్తవేందే? ఈడ ఎవ్వరడుగరు. నీ మొగుడేడని ఎవరన్నంటే బొంబాయిల ఉన్నడని చెప్త. గదేమన్న అబద్ధమా?" అంది. ఆ తర్వాత నవ్వింది. "గీ పట్నంల బతికినా ఎవ్వడు జూడడు, సచ్చినా ఎవ్వడు జూడడు. గదే సుకం పిల్లా."

ఇండ్లకు కారం, పసుపు దంచి బతికేది. రోకటి పోటుకు నా చదువు చెడుతుందని, తన రోలును పొద్దున్నే గల్లీ చివరిదాకా దొర్లించుకొని పోయి దంచేది. తాను మాడి నాకు పెట్టింది.

ఆ గల్లీలో ఒకరింట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళిపసుపు దంచడానికి ఐదుగురు ముత్తైదువలు కావాలి కదా, మొదట చిన్నమ్మనే పిలిచారు. రోలు కూడా నీదే తెమ్మన్నారు. ఆ రోజు ఆమె తలస్నానం చేసి, ఎర్రంచు చీర కట్టి, బొట్టు పెట్టుకొని, తుడిచి, మళ్ళీ పెట్టుకొంది.

"సక్కగున్ననానే?" అంది.

"ఉన్నవు," అన్నాను.

నోరు జారిందని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆమే లేదు, ఇంకా అబద్ధం ఎవరికోసం? నేను కావాలనే చెప్పాను. చిన్నమ్మ మొదటి పోటు వేసి పాట ఎత్తుకుంది. పెళ్ళిపిల్ల నా ఈడుది, కూర్చొని నవ్వుతోంది. ఆ పిల్లకేమైనా అయితే ఎట్లా అని నాకు నిజంగానే భయమేసింది. పిల్ల తల్లిని పక్కకు పిలిచి, "మా ఊళ్ళె మా చిన్నాయనకు దినాలు చేసిన్రు," అన్నాను.

ఆవిడ అరవలేదు. వచ్చి చిన్నమ్మ చేతిలోంచి రోకలి తీసుకుంది. రోట్లోని పసుపును చేటకెత్తి మోరీలో పారబోసింది. రోలు కడుక్కొని తీసుకుపొమ్మంది. చిన్నమ్మ అందరి ముందూ వంగి కడిగింది. మోరీలో నీళ్ళు పచ్చగా ప్రతి ఇంటి గడప ముందు నుంచీ పారాయి. ఆ నీళ్ళ పక్కనే ఆమె రోలును దొర్లించుకుంటూ గదికి వచ్చింది. నేను చేయి వేయబోతే వద్దంది.

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. బొట్టు తుడిచేసుకొని అన్నం వడ్డించింది.

"మస్తు దూరం అచ్చిన అనుకున్న. ఆర్మూరును నేనే గదిల పెట్టుకొని బువ్వ పెడుతున్న," అంది. కంచం నా ముందుకు జరిపి, "తిను. పరీచ్చలున్నయి," అంది.

ఆ గల్లీలో దంచే పని పోయింది. ఇంకో బస్తీకి మారాం. నా ట్రైనింగు అయ్యేదాకా నన్ను పంపేయలేదు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె తిండి తిని టీచరునయ్యాను. ఉద్యోగం వచ్చిందని ఒక్క ఉత్తరం రాశాను. ఆమె గడప మళ్ళీ తొక్కలేదు. సిగ్గని చెప్పను, పిరికితనం.

పట్నానికి మనకన్నా జాలి ఎక్కువేం కాదు. దానికి తెలియదు, అంతే. తెలిసిన మరుక్షణం అదీ ఆర్మూరే అయింది. తెలియక రెండేళ్ళకు పైగా ఆమెను బొట్టు పెట్టుకోనిచ్చింది. తెలియకనే చివరికి శవాన్ని గదిలో ఒంటరిగా ఉంచింది.

కార్డులో కింద ఇలా ఉంది: "పెట్టెలో మీ ఉత్తరం దొరికి రాస్తున్నాము. ఆమె బొట్టు పెట్టుకోగా మేమెన్నడూ చూడలేదు. భర్త బొంబాయిలో ఉన్నాడని మాత్రం ఒకసారి చెప్పింది. అరచేతులు పచ్చగా ఉన్నందున ముత్తైదువ అనుకొని, పసుపు రాసి, బొట్టు పెట్టి సాగనంపినాము. తప్పయితే మన్నించగలరు."

అంటే ఆ రోజు తుడిచిన బొట్టు చివరిదాకా ఆమె మళ్ళీ పెట్టుకోలేదు.

మామ కట్టె ఊతంతో వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఊరంతా చదివిన కార్డు, ఆయనకూ తెలుసు. "జవాబు రాయే పిల్లా. గామె ముండమోసిందని రాయి. ఆళ్ళింటికి అరిష్టం, శుద్ధి చేసుకుంటరు." వాకిట్లో అందరూ తలూపారు. ఎన్నేళ్ళకో మళ్ళీ అదే మాట నా నోటి నుంచే రావాలట.

రాశాను. "మీరు చేసిందే సరి. మా చిన్నమ్మ ముత్తైదువ."

"రాసినవా?" అన్నాడు మామ.

"రాసిన," అన్నాను.

కవరు పెట్టలేదు, కార్డు మీదే రాశాను. పోస్టాయన బస్టాండు దగ్గర చదువుతాడు, హోటల్లో వినిపిస్తాడు. వినిపించనీ. డబ్బాలో వేసి వస్తుంటే అడ్తీ ముందు పసుపు ఏరుతున్న ఆడవాళ్ళు తలెత్తి నన్ను చూశారు. అందరి చేతులూ పచ్చగా ఉన్నాయి. వాళ్ళలో ఎవరికి మొగుడున్నాడో, ఎవరికి లేడో, ఒక్కొక్కరిదీ నాకు తెలుసు.