పెద్దమ్మ నాకిచ్చిన మనిషి

నా చిన్నప్పుడు మా మదనపల్లె పిల్లలకు జనవరి ముప్పై అంటే పెద్ద గౌరవం ఉండేది కాదు. ఆగస్టు పదిహేనుకు బడిలో బొరుగుండలు పెట్టేవారు. జనవరి ఇరవై ఆరుకు ఆటల పోటీలుండేవి. గాంధీగారు పోయిన ముప్పైకి మాత్రం ఏమీ పెట్టరు. పదకొండు గంటలకు ఊళ్లో సైరన్ మోగగానే లేచి రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడాలి, మళ్లీ మోగితే కూర్చోవాలి, అంతే. దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్లను తలచుకోమని టీచరమ్మ చెప్పేది. నాలుగో తరగతిలో ఒకసారి నాకు తలచుకోవడానికి ఎవరూ దొరకలేదు. ఊరికే ఉండలేక ముందున్న పిల్ల జడ రిబ్బను లాగాను. అది కిసుక్కున నవ్వింది, ఆ నవ్వు వరసంతా పాకింది. టీచరమ్మ రెండో సైరన్ దాకా ఓపిక పట్టి, తర్వాత నన్ను మధ్యాహ్నం బెల్లు దాకా మోకాళ్ల మీద నిలబెట్టింది.

మేము మిషన్ ఆసుపత్రి లైను ఇళ్లలో ఉండేవాళ్లం. మా అమ్మ అక్కడ నర్సు. పక్కింటి పెద్దమ్మ అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేసేది. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా నా మకాం ఆమె గుమ్మంలోనే. ఆ సాయంత్రం ఆమె నా మోకాళ్లకు కొబ్బరినూనె రాస్తూ అడిగింది.

"ఆ రెండు నిమిసాలూ ఎవుర్ని తలుసుకుంటివి పాపా?"

"ఎవుర్నీ లేదు పెద్దమ్మా. నాకు తెలిసినోళ్లు ఎవురూ సచ్చిపోలేదు గదా."

ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు. "అట్లయితే నీకొక మనిసినిస్తా. పెట్టుకుంటావా?" అంది.

బొమ్మ ఇస్తుందేమోనని గబగబా తలూపాను. ఆమె నాకిచ్చింది తన తమ్ముణ్ణి.

వాళ్లది పుంగనూరు దగ్గర పల్లె. తమ్ముడు మిలిటరీలో చేరి, చైనా యుద్ధం నాడు పోయాడు. ఇంటికి తంతి వచ్చింది, మనిషి రాలేదు. ఉన్న ఒక్క ఫొటోనూ తల్లి పోయినప్పుడు ఆమె శవపెట్టెలోనే పెట్టి సమాధి చేశారు. అతనికి పెళ్లి కాలేదు. "నా తర్వాత వాణ్ణి ఎరిగినోళ్లు ఇంకెవురూ లేరు పాపా" అంది పెద్దమ్మ.

ఆ రోజు నుంచి సాయంత్రానికి ఒక సంగతి చొప్పున అతను నా దగ్గరికి వచ్చాడు. ఎడమచేతి వాటం. ఉరిమితే దుప్పటి ముసుగేసుకునేవాడు. చర్చిలో అందరికంటే ఒక మాట వెనకగా పాడేవాడు. అక్క కోసం పల్లె నుంచి సీతాఫలాలు తువ్వాలలో కట్టుకుని బయల్దేరేవాడు, మదనపల్లె చేరేసరికి సగం తానే తినేసేవాడు. ఆదివారం బడిలో బైబిల్ వాక్యం అప్పజెప్పించుకున్నట్టు పెద్దమ్మ ఇవన్నీ నా చేత వరసగా చెప్పించుకునేది. నాకూ అతను బాగా నచ్చాడు. ఒక్క విషయమే మింగుడు పడలేదు. మిలిటరీలో అతని పని వంట. మంచులో జ్వరం తగిలి మూడు రోజులకు పోయాడు.

ఆగస్టు పదిహేను వచ్చింది. ఉపన్యాసం పోటీలో నా పేరు ఇచ్చాను. గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. జెండా కింద మెట్లెక్కి నిలబడి, పక్కింటి పెద్దమ్మ తమ్ముడు తుపాకి పట్టుకుని పదిమంది శత్రువులను ఎలా చంపాడో, గుండెకు గుండు తగిలినా ఎలా ముందుకు నడిచాడో చెప్పాను. చప్పట్లు మోగిపోయాయి. సోపు పెట్టె బహుమతిగా ఇచ్చారు. నా కోసం పని మానుకుని వచ్చిన పెద్దమ్మ వెనక వరసలో లేచి, గేటు వైపు నడిచి వెళ్లిపోవడం మెట్ల మీద నుంచి చూశాను.

సోపు పెట్టె పట్టుకుని ఆమె ఇంటికి పరిగెత్తాను. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది.

"నువ్వు ఆడ సెప్పినోడు ఎవురో నాకు తెల్దు పాపా. మా తమ్ముడైతే కాదు."

"వంటోడంటే ఎవురు సప్పట్లు కొడతారు పెద్దమ్మా?"

"సప్పట్లకి నేనిచ్చినానా వాణ్ణి? ఉండేది ఉన్నట్టు పెట్టుకుంటావని ఇస్తి. లేనిది కలిపితే వాడు యాడుంటాడు?"

ఆ తర్వాత మూడు రోజులు ఆమె నన్ను పిలవలేదు. తలుపు తెరిచే ఉండేది, నాకే లోపలికి వెళ్లే మొహం లేదు. అతన్ని నేను పోగొట్టానని నాకు అర్థమైంది, చాలా ఏడ్చాను. నాలుగో రోజు ప్రార్థన అయ్యాక టీచరమ్మను అడిగి అదే మెట్లు ఎక్కాను. నేను చెప్పింది అబద్ధమని, ఆయన తుపాకి కాల్చలేదని, అన్నం వండేవాడని, జ్వరంతో పోయాడని చెప్పాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి పెద్ద పిల్లలు "వంటోడంట!" అని నవ్వారు. సోపు పెట్టె టీచరమ్మకు ఇచ్చేసి, దిగి వచ్చాను.

సాయంత్రం పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, ఆమె అడగకుండానే మొదటి నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఎడమచెయ్యి, ఉరుము, పాట, సీతాఫలాలు, వంట. భయానికి చివర్లో జ్వరం నాలుగు రోజులన్నాను. ఆమె తలెత్తకుండానే "మూడు" అని దిద్దింది. దిద్దిందంటే అతన్ని మళ్లీ నాకు ఇచ్చిందని తెలిసి, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

నేను టీచర్ ట్రైనింగులో ఉండగా పెద్దమ్మ పోయింది. తర్వాత కుప్పంలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. వీరుల గురించి పిల్లలు కల్పించి రాస్తే, గట్టిగా కోప్పడలేక పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని. ఇప్పుడు రిటైరై మళ్లీ మదనపల్లెలోనే ఉన్నాను. బండ్ల మోతలో సైరన్ నాకు వినపడదు. జనవరి ముప్పైన గడియారం చూసుకుని వంటింట్లోనే నిలబడతాను. మావాళ్లకు ఇది ముసలిదాని చాదస్తం. ఆగస్టు పదిహేనున జెండాకు దండం పెట్టేటప్పుడు దేశమంతా నా కళ్ల ముందుంటుంది. ఈ రెండు నిమిషాలు మాత్రం ఆ ఒక్కడివే.

అతని కనుబొమ మీద మచ్చ ఒకటి ఉండేదని పెద్దమ్మ చెప్పింది. కుడి కనుబొమ అందో, ఎడమ అందో ఈ మధ్య ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. అడుగుదామంటే అతన్ని చూసినవాళ్లు ఈ లోకంలో లేరు. కుడి అనుకుంటే కాదనేవాళ్లూ లేరు. అయినా నేను అనుకోను.