సిమెంటు కింద నానిన దూలం

పత్తికొండ దగ్గర మా ఊళ్లో మట్టిమిద్దెలకు దూలాలెత్తింది మా నాయనే. ఆయన ఎత్తిన దూలం కుంగిందన్న మాట పెద్దింటి ఆసామి నోట మొదటిసారి విన్నాను. "పుచ్చు కట్టె పెట్టిపోయినాడప్పా ముసలాయన" అని కనపడినవాళ్లందరికీ చెప్పాడాయన. ఆ తర్వాత గడప నిలబెట్టడానికి కూడా మా నాయనను ఎవరూ పిలవలేదు. ఆయన కట్టె చెక్కే బాడిసను గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆసామి అక్కడి కట్టడాలు చూసొచ్చి, తన మిద్దె మీద సిమెంటు పూయించాడు. మట్టిమిద్దె మీద ఏటా వానలకు ముందు చౌడు మట్టి పరవాలి. అది తడిస్తే బిగుసుకుంటుంది, నీళ్లు దిగనివ్వదు, ఎండకు మళ్లీ ఆరుతుంది. సిమెంటు మా సీమ ఎండకు ఒక్క ఏడాదికే నెర్రెలు విచ్చింది. నెర్రెల్లో దిగిన నీళ్లకు ఆరే దారి లేక, మూడేళ్లు దూలం తడిమట్టి కింద నానింది. ఇది తెలియనివాడు నోరు మూసుకుని ఉండొచ్చు కదా! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా కట్టె మీదికి తోశాడు.

ఊళ్లో వేరే వడ్రంగి లేక, మిద్దె బాగు చేయడానికి మా నాయన దగ్గరే పని నేర్చిన నన్ను పిలిచాడు. దూలం మీద అడ్డంగా పరిచిన దంతెల కింద ఊత కంబాలు నిలబెట్టి పాత దూలం దించాను. పైభాగం చేత్తో తీస్తే పొడిపొడిగా రాలింది. అడుగున బాడిస వేస్తే ఖంగుమంది. అదే చెట్టు కట్టెతో మా నాయన ఎత్తిన దూలం ఆసామి పశువుల కొట్టానికీ ఉంది. అక్కడ సిమెంటు పూయలేదు. ఆ దూలం చెక్కుచెదరలేదు. రెండూ చూపించాను.

"సరేలేప్పా, అయిందేదో అయింది. కొత్తది ఎత్తు," అన్నాడు.

"తప్పు కట్టెది గాదని మా నాయన కాడికొచ్చి చెప్పండి. అంతదాకా ఎత్తను," అన్నాను.

"ఏమప్పా, బెదిరిస్తాండావా?"

"అవును," అని ఉలులు సంచిలో వేసుకున్నాను.

మబ్బులు పట్టాయి. ఊత కంబాల మీద నిలబడ్డ మిద్దె కింద రెండు రోజులు బిగబట్టుకుని, మూడోనాడు పొద్దున నలుగురిని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. "తప్పు నాదే. నీ కట్టె శానా మంచిది," అని మా నాయనతో అన్నాడు. గెలిచాననుకున్నాను.

మా నాయన అరుగు మీది నుంచి లేచాడు. "మీరు సిమెంటు పూయించేనాడు ఆ దారినే పోతాంటి. ఎట్లుండాదని అడిగితిరి. దూలం నానిపోతాదని తెలిసి గూడా, పెద్దోళ్లకు అడ్డం చెప్పేదెందుకని, బాగుండాది అంటి. బాడిస చుట్టిపెట్టింది అందుకేప్పా. ఊరోళ్ల మాటకు గాదు," అన్నాడు.

ఆసామి మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారిగా మా నాయన మీదికి మళ్లింది. ఒక్క మాట! ఆ రోజు ఒక్క మాట అని ఉంటే దూలం బతికేది, ఆయన చేతిలో బాడిస ఉండేది. ఆయన పోయి ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు.

మధ్యాహ్నానికి దూలం ఎత్తాను. నేను మిద్దె మీద మట్టి సర్దుతుంటే, ఆసామి కింద నుంచి, "మళ్లీ పైన సిమెంటే పూస్తే ఎట్లుంటాదప్పా?" అని అడిగాడు.

"చౌడు తోలించుకోండి!" అని వీధంతా వినేటట్టు అరిచాను.